లమ్‌జుంగ్ కొండల్లో గురుంగ్ పల్లెలు: వారం రోజులుంటే ఎటు నడవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పోయినేడు నేపాల్‌లో ఘాంద్రుక్ అనే గురుంగుల (అక్కడి ఒక కొండజాతి) ఊరు వెళ్ళొచ్చారు, ఊరు నచ్చింది కానీ ఎటు చూసినా లాడ్జీలు, కాఫీ షాపులే. ఈసారి టూరిస్టులు పెద్దగా వెళ్ళని గురుంగ్ పల్లెల్లో ఒక వారం నడవాలి. వెంట నాన్నగారు వస్తారు, 61 ఏళ్ళు, రోజూ వాకింగ్ అలవాటుంది. ఎటు వెళ్ళాలి, బస, తిండి, భాష సంగతేమిటి, డిసెంబర్ చివర వెళ్ళొచ్చా అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పోఖరాకి తూర్పున లమ్‌జుంగ్ జిల్లా వైపు వెళ్ళండి. ఘన్‌పోఖరా, ఘలేగావ్, భుజుంగ్, పస్‌గావ్. ఈ నాలుగు ఊళ్ళు చాలు. ఏడు రోజులున్నాయి కదా అని ఏడు ఊళ్ళు రాసుకోకండి. నేను మొదటిసారి ఆ తప్పే చేశాను. సాయంత్రం అయిదింటికి ఊరు చేరడం, తిని పడుకోవడం, పొద్దున్నే ఏడింటికల్లా బ్యాగు తగిలించుకోవడం. ఇంటికొచ్చాక ఫొటోలు చూసుకుంటే ఏది ఏ ఊరో గుర్తు రాలేదు. తర్వాత అయిదుసార్లు వెళ్ళాను, ప్రతిసారీ ఊళ్ళు తగ్గించుకుంటూ వచ్చాను. ఒక ఊళ్ళో రెండో రాత్రి కూడా ఉంటేనే ఆ ఇంటివాళ్ళు మీతో మామూలుగా మాట్లాడటం మొదలుపెడతారు. మొదటి రాత్రి మీరు అతిథి. రెండో రోజు పొద్దున వాళ్ళు పొలానికి పోతూ "వస్తారా?" అని అడుగుతారు. మీరు వెతుకుతున్నది ఆ రెండో రోజే అని నా నమ్మకం.

గురుంగులు తమ భాషలో తమని 'తము' అంటారు. అన్నపూర్ణ, లమ్‌జుంగ్, మనాస్లు హిమాలయాల దక్షిణపు వాలుల్లో, ముఖ్యంగా కాస్కీ, లమ్‌జుంగ్, గోర్ఖా, తనహూ, స్యాంగ్జా జిల్లాల్లో వీళ్ళ పల్లెలు ఉంటాయి. వాళ్ళ మాట టిబెటన్‌కి దగ్గరి చుట్టం, నేపాలీకి కాదు. మన ఊళ్ళలో రాత్రిపూట విజిలేసుకుంటూ కర్ర చప్పుడు చేస్తూ తిరిగే గూర్ఖా అందరికీ గుర్తుంటాడు. అతని అసలు పేరేమిటో, ఏ ఊరో మనలో ఎవరూ అడగలేదు, అందరినీ 'బహదూర్' అనేశాం. దయచేసి అక్కడ ఎవరినీ అలా పిలవకండి. పెద్దాయనైతే 'బా' లేదా 'బాజే', పెద్దావిడైతే 'ఆమా', మీకన్నా కొంచెం పెద్దవాళ్ళైతే 'దాయ్', 'దిదీ', చిన్నవాళ్ళైతే 'భాయి', 'బహినీ'. మనలాగే వాళ్ళు కూడా ఎవరినైనా వరసపెట్టే పిలుస్తారు కాబట్టి ఇది మనకి ఇట్టే అలవాటైపోతుంది. గురుంగ్ మాటలో నమస్కారం 'ఛ్యాజలో'. ఆ ఒక్క మాట నేర్చుకుని వెళ్ళండి, ముసలివాళ్ళ మొహాలు ఎలా వెలిగిపోతాయో చూద్దురుగాని.

ఇక దారి. పోఖరా నుంచి బస్సులో లమ్‌జుంగ్ జిల్లా కేంద్రం బేసీసహర్. అక్కడి నుంచి కొద్ది దూరంలో ఖుదీ, దాదాపు 800 మీటర్ల ఎత్తు. ఖుదీ నుంచి ఘన్‌పోఖరా ఎక్కడం మొత్తం ట్రిప్పులోకెల్లా కష్టమైన రోజు, ఎందుకంటే ఊరు 2100 మీటర్ల పైన ఉంది. నాన్నగారికి అది భారం అనిపిస్తే బేసీసహర్ నుంచే జీపులో ఘలేగావ్ ఎక్కేయండి. అందులో తప్పేమీ లేదు. ఘన్‌పోఖరా నుంచి ఘలేగావ్‌కి కొండ గట్టు వెంబడి తీరిగ్గా నడిస్తే సగం పూట. ఘలేగావ్‌లో రెండు రాత్రులు. అక్కడి నుంచి లోయలోకి దిగుతూ భుజుంగ్, అక్కడ కూడా రెండు రాత్రులు. తర్వాత మిదిమ్ ఖోలా అనే ఏరు దాటి పస్‌గావ్, ఒక రాత్రి. పస్‌గావ్ నుంచి కిందికి కరాపుటార్ వైపు జీపులో దిగి పోఖరా చేరుకోవచ్చు.

ఎత్తు గురించి టెన్షన్ పడకండి. ఈ ఊళ్ళన్నీ 1600 నుంచి 2200 మీటర్ల మధ్యలో ఉన్నాయి, ఎత్తు వల్ల వచ్చే తలనొప్పీ వాంతులూ ఇక్కడ సమస్య కాదు. పోలిక కావాలంటే, మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన జిందగడ శిఖరం 1690 మీటర్లు. వాళ్ళకి ఆ ఎత్తులో ఊళ్ళు, బళ్ళు, వరి చేలు ఉన్నాయి. ఉత్తరాన అన్నపూర్ణ రెండో శిఖరం (7937 మీటర్లు), లమ్‌జుంగ్ హిమాల్ (6983), తూర్పు వైపు మనాస్లు (8163), హిమాల్‌చులి (7893) కనిపిస్తాయి. ఘలేగావ్‌లో పొద్దున్నే ఇంటి అరుగు మీద కూర్చుంటే చాలు.

అసలు పరీక్ష మోకాళ్ళకి. దారి అంటే రాతి మెట్లే. వాళ్ళు ఎక్కుడుని 'ఉకాలో' అంటారు, దిగుడుని 'ఓరాలో', చదునుగా పోయేదాన్ని 'తేర్సో'. దారి అడిగినప్పుడు ఈ మూడు మాటలూ తెలిస్తే సగం సమాచారం వచ్చేస్తుంది. అలిపిరి నుంచి తిరుమలకి 3550 మెట్లు కదా, నాన్నగారు ఈ మధ్య ఆ మెట్లెక్కి ఉంటే, మర్నాడు మామూలుగా నడవగలిగి ఉంటే, ఇక్కడ నిశ్చింతగా నడుస్తారు. తేడా ఏమిటంటే అలిపిరిలో దిగడానికి బస్సుంది, ఇక్కడ దిగడం కూడా కాళ్ళతోనే. ఓరాలోలోనే మోకాళ్ళు పోతాయి. రెండు చేతికర్రలు తప్పకుండా తీసుకోండి, ఆయనకే కాదు, మీక్కూడా.

దారిలో ప్రతి పెద్ద ఎక్కుడు చివరా ఒక చౌతారీ ఉంటుంది. రావి, మర్రి జంటగా నాటి, చుట్టూ రాయి పేర్చి కట్టిన అరుగు. మన రచ్చబండ లాంటిదే అనుకుంటాం కానీ కాస్త పరికించి చూడండి, అరుగుకి రెండు మెట్లుంటాయి. కింది మెట్టు మనిషి కూర్చోవడానికి. పై మెట్టు వీపు మీద బుట్ట ఆనించడానికి. అక్కడ బరువంతా 'డోకో' అనే వెదురు బుట్టలో మోస్తారు, దాని పట్టీ నుదుటి మీదుగా వస్తుంది, ఆ పట్టీ పేరు 'నామ్లో'. బుట్ట దింపితే మళ్ళీ ఒంటరిగా ఎత్తుకోలేరు. అందుకే దింపకుండానే, పట్టీ నుదుటి మీద ఉండగానే బరువు రాయికి ఆనించి ఊపిరి తీసుకునేలా ఆ ఎత్తు లెక్కగా కట్టారు. చాలా చౌతారీలు చనిపోయిన తల్లిదండ్రుల పేరు మీద పిల్లలు కట్టించినవి. మీ బ్యాగు పై మెట్టు మీద ఆనించి చూడండి, కట్టినవాడికి నడిచేవాడి నడుము గురించి ఎంత తెలుసో అర్థమవుతుంది. డోకోతో ఎవరైనా వస్తుంటే మాత్రం లేచి చోటివ్వండి.

బస అంతా హోమ్‌స్టేలే. నేపాల్‌లో ఊరు ఊరంతా కలిసి అతిథుల్ని ఇళ్ళలో పెట్టుకోవడం 1997లో స్యాంగ్జా జిల్లాలోని సిరుబారీ అనే గురుంగ్ ఊళ్ళోనే మొదలైంది. ఘలేగావ్ ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే అందుకుంది. పద్ధతి ఏమిటంటే మీరు నేరుగా ఎవరింటికీ వెళ్ళకూడదు. ఊరి కమిటీ దగ్గరికి వెళ్తే పాళీ ప్రకారం ఎవరి వంతో వాళ్ళింటికి పంపిస్తారు. రేటు కూడా కమిటీదే, రెండు పూటల భోజనంతో కలిపి. బేరమాడకండి. ఆ డబ్బులో కొంత ఊరి ఖాతాకి వెళ్తుంది. మీరు నడిచే రాతి దారి బాగుచేయడానికి ఆ డబ్బు కూడా పనికొస్తుంది.

ఇంట్లోకి వెళ్ళేటప్పుడు చెప్పులు బయట. పాత ఇళ్ళలో నేల మధ్యలో 'అగేనా' అంటే పొయ్యి ఉంటుంది, చుట్టూ చాపలు. ఆ పొయ్యే ఇంటికి గుడి లాంటిది. అందులో చెత్త, సిగరెట్ ముక్క, ప్లాస్టిక్ ఏదీ వేయకూడదు, కాలు అటు చాపకూడదు, దాన్ని దాటకూడదు. 'జూఠో' అనే మాట తరచూ వింటారు. అది అచ్చంగా మన ఎంగిలే. మీరు తాగిన గ్లాసు బిందెలో ముంచకండి, నీళ్ళు సీసాలోంచి పెదవి తగలకుండా పైనుంచి పోసుకోండి. యూరప్ నుంచి వచ్చినవాళ్ళకి ఇది ఒక పట్టాన అర్థం కాదు, మనకి అమ్మమ్మ ఇంట్లో నేర్పించిందే.

తిండి విషయంలో మన రాయలసీమ వాళ్ళు ఇంటికి వచ్చినట్టే అనుకోవాలి. భుజుంగ్‌లో నేనున్న ఇంటి ఆమా ఒక సాయంత్రం ధిడో వండింది. ఇనప మూకుడులో నీళ్ళు తెర్లుతుంటే కోదో పిండి, అంటే మన రాగి పిండే, గుప్పెళ్ళతో పోస్తూ రెండో చేత్తో చెక్క తెడ్డుతో తిప్పుతోంది. కాసేపటికి పిండి గట్టిపడి తెడ్డు తిరగనంటుంటే మూకుడు అంచుని కాలి మడమతో అదిమిపెట్టి, రెండు చేతులతో నడుము ఊపుతూ తిప్పింది. మా నాయనమ్మ సంకటి కెలికేటప్పుడు సరిగ్గా ఇలాగే కుండని కాళ్ళ మధ్య బిగించుకునేది. పక్కనే ఇత్తడి చెంబులు, పళ్ళేలు గోడ బల్ల మీద వరసగా, మంట వెలుగులో మెరుస్తూ ఉన్నాయి. ధిడో కొంచెం తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగాలని ఆమె సైగ చేసి చూపిస్తుంటే, నేను అప్పటికే మింగేశాను. ఆమె ఆగి నన్ను చూసి, "నీకెవరు నేర్పారు?" అంది. ఫోన్‌లో రాగి సంకటి ఫొటో చూపించాను. ఆ రాత్రి వాళ్ళ పక్కింటి వాళ్ళని పిలిచి మరీ ఆ ఫొటో చూపించింది.

ధిడోతో వచ్చే పులుసు 'గుంద్రుక్'. ఆవాకు, ముల్లంగి ఆకు వాడబెట్టి, కుండలో కుక్కి పులియబెట్టి, ఎండబెట్టినది. మొదటి ముద్దకి వాసన కొత్తగా ఉంటుంది, రెండో రోజుకి అలవాటైపోతుంది. శాకాహారులకి ఇబ్బందే లేదు, పప్పు, అన్నం, ఆకుకూర ఏ ఇంట్లోనైనా ఉంటాయి. ముందే చెప్పండి చాలు, లేకపోతే అతిథి కోసమని ఉన్న కోడిని కోస్తారు. కారం మీకు తక్కువనిపిస్తుంది, ఒక చిన్న సీసాలో కందిపొడి తీసుకెళ్ళి వాళ్ళకీ పెట్టండి. రాగులతో కాచిన సారా 'రక్సీ' తప్పకుండా ఇస్తారు. తాగని వాళ్ళు గ్లాసుకి వేలు తాకించి, ఆ వేలితో నుదుటికి అద్దుకుని నమస్కారం పెడితే చాలు, ఎవరూ బలవంతం చేయరు.

చాలా ఊళ్ళలో 'ఆమా సమూహ' అని ఆడవాళ్ళ సంఘం ఉంటుంది. దారులు, బడి, నీళ్ళ కుళాయిలు చాలావరకు వీళ్ళు పోగుచేసిన డబ్బుతోనే అవుతాయి. సాయంత్రం మాదల్ అనే మద్దెల వాయిస్తూ పాడతారు, ఆడతారు, చివర్లో పూలు పెట్టిన పళ్ళెం మీ ముందుకొస్తుంది. అందులో మీకు తోచింది వేయండి, తర్వాత లేచి వాళ్ళతో కలిసి ఆడండి. నాన్నగారు మొహమాటపడినా వాళ్ళు ఊరుకోరు. వెనకటికి ఊళ్ళో యువతీ యువకులు రాత్రిళ్ళు ఒక ఇంట్లో చేరి పాడుకునే 'రోధీ' ఉండేది, ఇప్పుడు దాదాపు పోయింది. 'ఘాటు' మాత్రం కొన్ని ఊళ్ళలో ఇంకా ఉంది. చిన్న ఆడపిల్లలు కళ్ళు మూసుకుని, ఒంటి మీద స్పృహ లేనట్టుగా గంటలకొద్దీ ఆడే నాట్యం అది. పశ్రాము అనే రాజు, ఆయన రాణి కథ. శ్రీపంచమికి మొదలై వైశాఖ పున్నమికి ముగుస్తుంది. మీరు వెళ్ళే నెలలో ఉండదు, ఎప్పుడైనా ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే అడగండి. అది పూజ, ప్రదర్శన కాదు. టూరిస్టుల కోసం వేసి చూపించమని ఎవరినీ అడగొద్దు.

మీకు ఒక విషయం ముందే చెప్పాలి, లేకపోతే అక్కడికి వెళ్ళాక మనసు కష్టపెట్టుకుంటారు. ఈ ఊళ్ళలో తాళం వేసిన ఇళ్ళు చాలా ఉంటాయి. పలకరాళ్ళ పైకప్పులు, ఎర్రమట్టి తెల్లసున్నం పూతలు, అరుగులు అన్నీ ఉంటాయి, మనుషులుండరు. సైన్యంలోకి వెళ్ళేవాళ్ళని 'లాహురే' అంటారు. వెనకటికి లాహోర్ వెళ్ళి రంజిత్ సింగ్ కొలువులో చేరడం వల్ల వచ్చిన మాట. బ్రిటిష్ వాళ్ళు 1815 నుంచి గూర్ఖా పటాలాలు కట్టారు, 1947లో పది రెజిమెంట్లలో ఆరు మన దేశానికి, నాలుగు బ్రిటన్‌కి వచ్చాయి. అప్పుడు వెళ్ళినవాళ్ళు పింఛనుతో సొంత ఊరికి తిరిగొచ్చేవాళ్ళు. ఇప్పటి వాళ్ళు పోఖరాలోనో, ఇంగ్లండులోనో ఇల్లు కట్టుకుంటున్నారు, పిల్లలు గల్ఫ్‌లో, కొరియాలో ఉంటున్నారు. పస్‌గావ్‌లో ఒక పెద్దాయన మన సైన్యంలో చేసి రిటైరయ్యారు. హైదరాబాద్ అంటే తెలియలేదు కానీ సికింద్రాబాద్ స్టేషన్ అనగానే ఆయన కళ్ళలో వెలుగొచ్చింది. గంటసేపు హిందీలో మాట్లాడాం. తన నలుగురు పిల్లల్లో ఊళ్ళో ఎవరూ లేరని, పొలం మెట్లు మూడొంతులు బీడుపడ్డాయని చెప్పారు. ఇలాంటి పెద్దలు దాదాపు ప్రతి ఊళ్ళో ఉంటారు కాబట్టి భాషకి భయం లేదు, మీ హిందీ చాలు. వాళ్ళ దగ్గర కూర్చోండి. ఆ ఊళ్ళలో వినాల్సిన కథలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

మీరున్న ఊళ్ళో ఎవరైనా పోతే లేదా 'పయె' జరుగుతుంటే కెమెరా బ్యాగులో పెట్టేయండి. పయె అంటే చనిపోయినవాళ్ళ ఆత్మని సాగనంపే పెద్ద కర్మ, మూడు రోజులు పడుతుంది. పచ్యు, క్లేప్రి అనే వాళ్ళ సొంత పురోహితులు చేస్తారు. ఆత్మ మనాంగ్ దారిలో ఉన్న ఓబ్లే అనే నున్నటి పెద్ద రాతి గోడ ఎక్కి పితృలోకానికి పోతుందని నమ్మకం. పురోహితుడు మంత్రంలో ఒక్కొక్క ఊరి పేరూ చెప్తూ ఆ ఆత్మకి దారి చూపిస్తాడు. తమ పూర్వీకులు ఉత్తరాన్నుంచి దిగి వచ్చిన దారిలోనే వెనక్కి పంపిస్తారన్నమాట. మిమ్మల్ని పిలిస్తే వెళ్ళి ఒక పక్కన కూర్చోండి.

గైడ్ గురించి. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లు గైడ్ లేకుండా వెళ్ళకూడదని నేపాల్ టూరిజం బోర్డు నియమం పెట్టింది. నియమం సంగతి పక్కన పెట్టినా, ఆ ఊళ్ళ కుర్రాణ్ణే గైడ్‌గా పెట్టుకోండి. ఈ పదేళ్ళలో కొండంతా జీపు రోడ్లు తవ్వేశారు, పాత రాతి దారి ఎక్కడికక్కడ తెగిపోయింది. ఒకసారి నేను గైడ్ లేకుండా భుజుంగ్ నుంచి దిగుతూ రోడ్డే దారనుకుని మూడు గంటలు దుమ్ములో నడిచి, చీకటి పడే వేళకి వేరే లోయలో తేలాను. ఒక గొడ్లకాపరి తన పాకలో పడుకోనిచ్చాడు కాబట్టి సరిపోయింది. ఫోన్‌లోని మ్యాపులు రోడ్డునే చూపిస్తాయి, పాత దారి ఊరివాళ్ళకే తెలుసు.

కొండ తేనె గురించి కూడా ఒక మాట. ఆ రాతి గోడలకి పెద్ద హిమాలయపు తేనెటీగల పట్టులుంటాయి, తాళ్ళ నిచ్చెనలు కట్టి దించే పని గురుంగులు తరతరాలుగా చేస్తున్నారు. వసంతకాలపు తేనెలో లాలీగురాస్ (రోడోడెండ్రాన్) పూల వల్ల మత్తు, విషం రెండూ ఉంటాయి. చెంచా కన్నా ఎక్కువ తింటే కళ్ళు తిరుగుతాయి, బీపీ, నాడి పడిపోతాయి. నాన్నగారికి బీపీ మందులుంటే అసలు ముట్టనివ్వకండి. డబ్బిస్తాం, తేనె తీసి చూపించండి అని అడగడం కూడా వద్దు. కాలం కాని కాలంలో పట్టు దించితే ఆ ఈగలు తిరిగి రాకపోవచ్చు.

మీరు సిక్లెస్ గురించి కూడా అడిగారు. అదీ గొప్ప గురుంగ్ ఊరే, దాదాపు 2000 మీటర్ల ఎత్తులో, మాదీ నది పైన. కానీ దగ్గర్లోని కపుచే సరస్సు పేరు మోగిపోయాక సెలవు రోజుల్లో నేపాలీ కుర్రాళ్ళతో నిండిపోతోంది. వెళ్తే నదికి అవతల ఉన్న తాంగ్‌తింగ్‌లో ఉండండి, ప్రశాంతంగా ఉంటుంది. గోర్ఖా జిల్లాలోని బర్పాక్, లాప్రాక్ వేరే ట్రిప్‌గా పెట్టుకోండి. 2015 ఏప్రిల్ 25 నాటి 7.8 భూకంపానికి కేంద్రం బర్పాక్ దగ్గరే. పాత రాతి ఇళ్ళు కూలిపోయాయి, ఇప్పుడు కాంక్రీటు, రేకుల ఊరు. అక్కడి మనుషుల కోసం వెళ్ళాలి, ఇళ్ళ కోసం కాదు.

కాగితాలు: పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ. ఆధార్‌ని నమ్ముకుని బయల్దేరకండి. ఈ ఊళ్ళు అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి వస్తాయి కాబట్టి ఏకాప్ పర్మిట్ పోఖరాలోనే తీసుకోండి, సార్క్ దేశాల వాళ్ళకి రేటు తక్కువ. మన 100 రూపాయలు వాళ్ళ 160. బేసీసహర్ దాటాక ఏటీఎం ఉండదనుకుని నేపాలీ నోట్లు చిల్లరతో సహా పెట్టుకోండి. రైల్లో వెళ్ళేట్టయితే విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్ళే రప్తీసాగర్ గోరఖ్‌పూర్ దాకా తీసుకెళ్తుంది, అక్కడి నుంచి సునౌలీ సరిహద్దు, ఆ తర్వాత పోఖరా బస్సు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం వద్దు, జలగలు, కొండచరియలు.

డిసెంబర్ చివర మంచి ఆలోచన. ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రి చలి గట్టిగా ఉంటుంది, దుప్పట్లు ఇస్తారు కానీ ఒంటికి స్వెటర్, తలకి టోపీ మీవే ఉండాలి. నేపాలీ క్యాలెండర్లో పౌష నెల 15, అంటే డిసెంబర్ 30 ప్రాంతంలో తము ల్హోసార్, వాళ్ళ కొత్త సంవత్సరం. పోఖరా, గల్ఫ్, ఇంకా ఎక్కడెక్కడికో వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారు, తాళాలు వేసిన ఇళ్ళు కొన్ని తెరుచుకుంటాయి. ఆడవాళ్ళు భుజం మీదుగా ముఖమల్ 'ఘలేక్' వేసుకుంటారు, మగవాళ్ళు ఛాతీ మీద అడ్డంగా ముడేసిన తెల్లటి 'భాంగ్రా' కట్టుకుంటారు. 28 నాటికల్లా భుజుంగ్ చేరి 31 దాకా అక్కడే ఉండేలా ప్లాన్ మార్చుకోండి, పస్‌గావ్ తీసేసినా పర్లేదు. ఆ రోజుల్లో ఇళ్ళు నిండిపోతాయి కాబట్టి గైడ్ ద్వారా కమిటీకి నెల ముందే ఫోన్ చేయించండి. నాన్నగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో, ఖుదీ నుంచి నడుస్తారో జీపెక్కుతారో రాస్తే రోజువారీ దారి విడిగా రాసిస్తాను.